మెతుకు మిగలని ఆకులు

నేను ఒక సగం పీపాని. పుట్టినప్పుడు నిండు పీపానే. నా కడుపునిండా వంటనూనె పోసి ఎక్కడినుంచో తుని ఊరికి లారీలో పంపారు. నూనె అయిపోయాక ఒక కమ్మరి నన్ను నిలబెట్టి నడిమికి కోసి రెండు చేశాడు. పై సగాన్ని ఇల్లు కట్టుకునేవాళ్ళెవరో సున్నం కలుపుకోవడానికి పట్టుకుపోయారు. అడుగు సగాన్ని, అంటే నన్ను, సోమయాజులు గారు రిక్షాలో ఎక్కించుకున్నారు.

పంచె, నుదుట విభూతి, మెత్తటి మాట చూసి నన్నేదో గౌరవమైన పనికే తీసుకెళ్తున్నారని సంబరపడ్డాను. మంచినీళ్ళు పోస్తారేమో, బియ్యం పోస్తారేమో అనుకున్నాను. ఆయన నన్ను స్టేషన్ రోడ్డులోని తన భోజన హోటల్ పెరట్లోకి దొర్లించుకెళ్ళి, వంటింటి వెనక గుమ్మానికి ఎదురుగా నిలబెట్టి, "ఇక్కడైతే ఆకులు వెయ్యడానికి వీలుగా ఉంటుంది" అన్నారు. అలా నేను ఎంగిలాకుల తొట్టినయ్యాను. ఇరవై రెండేళ్ళు ఆ ఉద్యోగమే చేశాను.

ఉద్యోగం చిన్నదేమీ కాదు. కానీ మనుషుల వరస చూస్తే నాకు నవ్వొచ్చేది. లోపల అదే పప్పు, అదే పులుసు లొట్టలు వేసుకుంటూ తింటారు. పెరట్లోకి చెయ్యి కడుక్కోవడానికి వచ్చి, నాలో ఉన్న అదే పప్పునీ అదే పులుసునీ చూసి ముక్కు మూసుకుంటారు. పావుగంట కింద దాన్ని "ఇంకొంచెం వెయ్యండి" అని అడిగి వేయించుకున్నది వాళ్ళే.

నన్ను గౌరవించినది ఒకే ఒక్క మనిషి. యాజులు గారి భార్య భ్రమరాంబ గారు. వంట ఆవిడది, వడ్డన ఆయనది. ఆవిడ హాల్లోకి ఎప్పుడూ వెళ్ళేది కాదు. తన వంట తినేవాళ్ళ మొహాలు ఆవిడకి తెలియవు. తెలిసినవి వాళ్ళ ఆకులే.

హాల్లో పదహారు మంది కూర్చుంటే ఒక బంతి. బంతి లేవగానే పనిమనిషి నూకాలు ఆకులు ఎత్తి, తలుపు పక్క చోటు మొదలుకొని వరసగా, పెరటి అరుగు మీద పరిచేది. భ్రమరాంబ గారు వంటింటి గుమ్మంలో నిలబడి ఒక్కొక్కటే చూసి తల ఊపేది. ఆవిడ తల ఊపాకే నూకాలు ఆ ఆకుని నాలో వేసేది. మొదట్లో నాకిది వింతగా ఉండేది. మిగిలినవాళ్ళకి చెత్త, ఆవిడకి ఉత్తరాలు.

"కిటికీ పక్కన కూర్చునే ఆయన అప్పడం ముట్టుకోలేదు, వంకాయ ముక్కలు చిదిపి వదిలేశాడు. పన్ను నొప్పిగా ఉన్నట్టుంది. రేపు ఆయనకి మెత్తగా చూసి వడ్డించండి" అని భర్తకి చెప్పేది. మర్నాడు యాజులు గారు గిన్నె పట్టుకుని వంగి, "పన్ను ఎలా ఉందండీ?" అనేవారు. ఆ మనిషి నోరు తెరిచి అలా ఉండిపోయేవాడు. తన ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పని పన్ను నొప్పి మరి. మజ్జిగలో అల్లం ముక్కలు ఏరి పక్కన పెట్టే ఆయనకి మర్నాటి నుంచి అల్లం లేని మజ్జిగ వచ్చేది. కరివేపాకు కూడా నమిలేసేవాడికి రెండో ముద్దకే ఇంకో గరిటె కూర పడేది. ఊళ్ళో అందరూ యాజులు గారికి ఏదో దివ్యదృష్టి ఉందనుకునేవాళ్ళు. ఆయన కాదనేవారు కాదు. మగాళ్ళకి ఆ మాత్రం మొహమాటం ఉండదు.

ఒకసారి రోడ్డుకి అవతల అద్దాల తలుపులతో పెద్ద హోటల్ ఒకటి తెరిచారు. చల్లటి గాలట, మెత్తటి కుర్చీలట. మూడు నెలలపాటు నాకు తిండి తగ్గింది. నాలుగో నెలలో ఒక్కొక్క ఆకూ తిరిగొచ్చింది. అక్కడ అన్నీ ఉన్నాయి గానీ, "నిన్న సరిగ్గా తినలేదేం?" అని అడిగే మనిషి లేడు.

పేర్రాజు గారి సంగతి చెప్పకపోతే నా కథ ముందుకి నడవదు. ఆయన సర్వే ఆఫీసులో గుమాస్తా. పిల్లలు లేరు. భార్య పోయాక, కర్మకాండ ముగిసిన మర్నాడు హోటల్‌కి వచ్చి మూల చోటులో కూర్చున్నాడు. ఆకు నిండుగా తిరిగొచ్చింది. అన్నం కలిపాడు, ముద్దలు చేశాడు, ఆ ముద్దలన్నీ వరసగా అక్కడే పెట్టి లేచిపోయాడు. రెండో రోజూ అంతే. భ్రమరాంబ గారు ఆ ఆకు ముందు చాలాసేపు నిలబడింది. మూడో రోజు ఆయనకి కూరా పప్పూ ఏమీ వెయ్యొద్దని చెప్పి, మెత్తటి మజ్జిగన్నం, పక్కన ఒక దబ్బకాయ బద్ద పంపింది. "ఏమీ అడక్కండి, పెట్టి వచ్చెయ్యండి" అంది. ఆ రోజు ఆకులో సగమే మిగిలింది. ఐదో రోజున మెతుకు లేదు. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

ఇదంతా నూకాలు ఎప్పుడో పేర్రాజు గారి చెవిన వేసింది. ఆ తర్వాత పదమూడేళ్ళు ఆయన ఒక్క పూట మానలేదు. పెరట్లోకి చెయ్యి కడుక్కోవడానికి వచ్చినప్పుడు వంటింటి వైపు తిరిగి ఒక నమస్కారం పెట్టి వెళ్ళేవాడు. ఆవిడ చూసేది కాదు. ముక్కు మూసుకోకుండా నా పక్కన నిలబడిన కస్టమరు ఆయనొక్కడే.

ఇక ఆ వంటింటి ఆచారం ఒకటి మీకు తెలియాలి. దేవుడికి నివేదన కాకుండా ఎవరూ దేన్నీ రుచి చూడకూడదు. వండుతున్న మనిషి కూడా. భ్రమరాంబ గారు ముప్పై ఏళ్ళుగా ముక్కుతోనే వండింది. పులుసు మరుగుతుంటే మూత తీసి ఒక్కసారి గాలి పీల్చి, "ఇంకో రెండు పలుకులు పడాలి" అని ఉప్పు వేసేది. ఎప్పుడూ తప్పలేదు. నివేదన అయ్యాక గిన్నెలు నేరుగా హాల్లోకి వెళ్ళిపోయేవి. భార్యాభర్తలు తినేది అందరిదీ అయ్యాకే, మధ్యాహ్నం మూడింటికి.

ఒక ఏడు వానల్లో ఆవిడకి జ్వరం పట్టుకుంది. పదిహేను రోజులు హోటల్ మూశారు. తెరిచిన రోజు పొద్దున్న ఆవిడ పెరట్లోకి వచ్చి కరివేప రెమ్మ తుంచింది. నలిపి వాసన చూసింది. ఇంకా గట్టిగా నలిపి చూసింది. లోపలికెళ్ళి ఇంగువ డబ్బా తెచ్చి, మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆవిడ మొహం చూస్తే నాకే భయం వేసింది. చిటికెడు ఇంగువ నాలిక మీద వేసుకుంది. కాసేపు ఆగింది. ఆ నలిపిన కరివేపాకు నాలో పడేసి, చెయ్యి కడుక్కుని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని మీరడగొచ్చు. ఆవిడకి వేరే పేరు ప్రతిష్ఠలేమీ లేవు. ఆవిడ చేతి వంట, దాన్ని నమ్ముకున్న హోటల్, అంతే ఆవిడ జీవితం. ముక్కూ నాలికా పోయాయని చెబితే ఇంకేం మిగులుతుంది? జ్వరం నీరసంతోపాటే ఇదీ తగ్గిపోతుందని కూడా అనుకుని ఉంటుంది.

కానీ ఆవిడ ఊరుకోలేదు. చెంచాతో కొలవడం మొదలుపెట్టింది. కొలత తప్పితే ఆకులు చెబుతాయని ఆవిడ ధైర్యం. నిజంగానే చెప్పాయి. మొదటి రోజు ఆకుల్లో వదిలేసిన పులుసు ఏరులై వచ్చింది. ఉప్పు సగం చేసింది. రెండో రోజు ఊరగాయ బద్దలు చీకి వచ్చాయి, ఉప్పు గిన్నె ఖాళీ అయింది. అంటే చప్పగా ఉందన్నమాట. పెంచింది. మరీ పెరిగిందేమో, నాలుగో రోజు మళ్ళీ ఆకుల నిండా మిగిలింది. ఆవిడ అలా వెతుక్కుంటూ దగ్గరికి వస్తోంది. ఇంకో వారం అయితే సరైన కొలత దొరికేసేది. ఈ మాట నేను ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు.

ఆ నాలుగో రోజు ఆవిడకి దుఃఖం ఆగలేదు. పదహారు ఆకులు అరుగు మీద ఉండగా మెట్టు మీద కూలబడి ఏడ్చింది. నూకాలు చూసి బెంబేలెత్తిపోయింది. చెయ్యి కడుక్కోవడానికి వచ్చిన పేర్రాజు గారితో గుసగుసగా, "అమ్మగారు ఆకులు సూసి ఏడుత్తున్నారండి బాబూ. పదార్దాలన్నీ వగ్గేశారని" అంది.

పేర్రాజు గారి చెయ్యి కుళాయి కింద అలాగే ఆగిపోయింది. "ఆవిడని నేను ఏడవనివ్వను" అన్నాడు.

మర్నాడు ఆయన హాల్లో ఒక్కొక్క చోటు దగ్గరికీ వెళ్ళి చెప్పాడట. "జ్వరం పడి లేచిన మనిషి. నాలుగు రోజులు ఉప్పు అటూఇటూ అయితే ఏం మునిగిపోతుంది? ఎవరూ ఏమీ వదలకండి. ఆకు తుడిచినట్టు ఉండాలి." అందరూ పాతవాళ్ళే. అందరికీ ఏదో ఒక పన్ను నొప్పి, ఏదో ఒక మజ్జిగన్నం జ్ఞాపకం ఉంది. సరేనన్నారు.

ఆ రోజు ఆకులు చూసి భ్రమరాంబ గారి మొహం వెలిగిపోయింది. పదహారూ కడిగి పెట్టినట్టు ఉన్నాయి. వచ్చేసింది, కొలత దొరికేసింది! ఆవిడ ఆ చెంచాని, ఆ లెక్కని అలాగే పట్టేసుకుంది. ఇక మార్చలేదు.

ముందురోజు కన్నీళ్ళలో ఆకులు సరిగ్గా చదవలేదేమో, చప్పగా ఉందనుకుని ఇంకా పెంచింది. ఆ రోజు ఉప్పు అన్ని రోజులకన్నా ఎక్కువ పడింది. ఆకుల మీద అంటుకున్న చారు తడి చాలు, నా ఇనుముకి తెలిసిపోయింది. నా అడుగున తుప్పు రేగడం మొదలైంది అప్పటినుంచే.

చెయ్యి కడుక్కోవడానికి వచ్చినవాళ్ళు దోసిళ్ళతో నీళ్ళు తాగేవాళ్ళు. ఒకడు తాగుతుంటే ఇంకొకడు వంటింటి వైపు చూపించి "మెల్లిగా" అని సైగ చేసేవాడు. ఎంత మంచివాళ్ళో చూడండి. వాళ్ళ మంచితనానికి నేను కోపం తెచ్చుకోలేను. కానీ నాకు నోరు ఉండి ఉంటే ఒక్కొక్కణ్ణీ పేరు పెట్టి తిట్టేదాన్ని.

మూడింటికి యాజులు గారు తినేవారు. "ఉప్పు సరిపోయిందా?" అని ఆవిడ రోజూ అడిగేది. "అద్దినట్టుందే" అనేవారు ఆయన. ఎప్పుడో పెళ్ళయిన కొత్తల్లో ఒకసారి చారు బాగాలేదన్నందుకు ఆవిడ రెండు రోజులు అన్నం ముట్టలేదట. ఆ భయం ఆయనకి పోలేదు. తిన్నాక పెరట్లోకి వచ్చి, నాకు ఆనుకుని నిలబడి, రెండు చెంబుల నీళ్ళు గటగటా తాగి, మూతి తుడుచుకుని లోపలికి వెళ్ళేవారు. మిగిలిన పులుసు నూకాలుకి ఇచ్చేవాళ్ళు. ఆమె సందులోకి మళ్ళే ముందు వెనక్కి తిరిగి చూసి దాన్ని నాలో పారబోసేది.

కొత్తగా వచ్చినవాళ్ళు రెండోసారి రాలేదు. పాతవాళ్ళలో రక్తపోటు ఉన్నవాళ్ళు ముందు మానేశారు. తర్వాత మిగిలినవాళ్ళు రోజు మార్చి రోజు రావడం మొదలుపెట్టారు. పదహారు ఆకుల బంతి పదకొండయింది, ఏడయింది. వచ్చిన ఆకు వచ్చినట్టు మెతుకు లేకుండా వచ్చేది. భ్రమరాంబ గారికి అర్థమయ్యేది కాదు. "ఇంత బాగా తింటున్నారు కదా నూకాలూ, మరి ఎందుకు రావట్లేదు?" అని అడిగేది. నూకాలు నేల చూపులు చూసేది. ఆవిడ ఇంకా శ్రద్ధగా వండేది. ఇంకా కచ్చితంగా చెంచా కొలిచేది.

ఆరు నెలలు గడిచాక, ఒక మందుల కంపెనీ మనిషి, కొత్తవాడు, భోజనానికి వచ్చాడు. ఆ రోజు బంతిలో నలుగురే ఉన్నారు. అరుగు మీద మూడు ఆకులు తళతళలాడుతున్నాయి. నాలుగోది నిండుగా ఉంది. రెండు ముద్దలు తిన్నట్టుంది, మిగిలినదంతా అలాగే ఉంది. భ్రమరాంబ గారు కంగారుపడింది. "పాపం వంట్లో బాగాలేదేమో, కనుక్కోండి" అంది. యాజులు గారు కదల్లేదు. "వెళ్ళండి, వెళ్ళిపోతాడు" అంది. ఆయన గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

అప్పుడు ఆవిడే వెళ్ళింది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి. వంటింట్లోంచి హాల్లోకి తలుపు తెరిచి ఉంది కాబట్టి నాకు అంతా కనిపించింది. చెయ్యి కడుక్కుని వచ్చిన నలుగురూ ఇంకా అక్కడే కూర్చుని ఉన్నారు.

"బాబూ, ఒంట్లో నలతగా ఉందా? ఏమీ తినలేదు" అంది.

అతను ఇబ్బందిగా లేచి నిలబడ్డాడు. "అబ్బే, ఒంటికేం లేదండీ. ఏమీ అనుకోకండి. అన్నిట్లోనూ ఉప్పు బాగా ఎక్కువైందండి. నోట్లో పెట్టుకోలేకపోయాను."

ఆవిడ నవ్వింది. ఇతనికే నాలిక చెడిందనుకుంది. "మరి వీళ్ళంతా..." అంటూ మూల చోటులో ఉన్న పేర్రాజు గారి వైపు తిరిగింది. ఆ మొహాన్ని ఆవిడ చూడడం అదే మొదటిసారి. ఆయన తల దించుకుని ఉన్నాడు. ముందున్న గ్లాసు ఖాళీ. పక్క గ్లాసు కూడా తీసుకుని తాగేశాడు. ఆవిడ నవ్వు అలాగే ఆరిపోయింది.

"మీరు పేర్రాజు గారు కదూ?"

"అవునమ్మా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"తమరు జ్వరం పడి లేచిన దగ్గర్నుంచీ. మీరు ఏడుస్తున్నారని తెలిసి... వీళ్ళందరికీ నేనే చెప్పానమ్మా."

"నాకు ముక్కు పోయింది బాబూ" అంది ఆవిడ. ఆ మాట మొదటిసారి నలుగురిలో బయటపెట్టింది. "నాలిక కూడా పోయింది. మీ ఆకులే నాకు నాలిక. ఏడిస్తే ఏడిచాను, ఏడుస్తూనే సరిచేసుకునేదాన్ని. ఒక్కళ్ళు ఒక్క ముద్ద వదిలినా నాకు తెలిసేది కదా!"

పేర్రాజు గారు బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. ఆవిడ భర్త వైపు చూసింది.

మర్నాడు పొద్దున్న ఆవిడ ఎప్పటికన్నా ముందే పొయ్యి వెలిగించింది. చెంచాతో వేసే ఉప్పుని బాగా తగ్గించి పప్పు వండింది. నివేదనకి గంట కొట్టబోతున్న యాజులు గారిని ఆపింది. "ముందు ఇది చూడండి" అని ఆయన అరచేతిలో ఇంత పప్పు వేసింది. ఆయన దేవుడి మందసం వైపు, ఆవిడ వైపు చూశారు. ముప్పై ఏళ్ళ ఆచారం. "దేవుడు ఏమీ అనుకోడు, చూడండి" అంది. ఆయన నోట్లో వేసుకున్నారు. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. నీళ్ళు తిరిగాయి.

"బాగుందే" అన్నారు.

"నిజం చెప్పండి."

"నిజంగానే. ఒట్టు. పూర్వంలాగే ఉంది."

"మొన్న కూడా ఇలాగే అన్నారు" అంది ఆవిడ.

ఆరు నెలలు రోజూ ఆయన అన్న మాటే కదా. మళ్ళీ ఒట్టు వేశారు. చేతులు పట్టుకున్నారు. ఆయన ఎంత గట్టిగా చెబితే ఆవిడ అంత దూరం జరిగిపోయింది. చివరికి చెయ్యి విడిపించుకుని పొయ్యి ఆర్పేసింది. కోపంగా కాదు, ఎప్పటిలా పని ముగించుకున్నట్టే ఆర్పింది. యాజులు గారు వీధి గుమ్మంలో నిలబడి, వచ్చిన ముగ్గురికీ "ఇవాళ వంట లేదండి" అని చెప్పి పంపేశారు. పేర్రాజు గారు మెట్టు దిగకుండా చాలాసేపు నిలబడ్డాడట. వండిన పప్పంతా నూకాలుకి ఇచ్చేసింది ఆవిడ.

నేను ఎదురు చూశాను, ఇది కూడా నాలోకే వస్తుందని. నూకాలు సందు మలుపు దగ్గర ఆగి, మూత తీసి, వేలితో నాకి చూసింది. ఆగిపోయింది. మూత పెట్టేసి, గిన్నె గుండెకి ఆనించుకుని వడివడిగా ఇంటికి వెళ్ళిపోయింది.

మర్నాడు తెల్లారగానే పరుగెత్తుకొచ్చింది. చేతిలో గిన్నె తోమి ఉంది. "అమ్మగారండీ! నిన్నటి పప్పు ఎంత బాగుందండీ! మా ఆయన గిన్నె తుడుసుకు తినీశాడండి. అచ్చం మునపటిలాగుందండి. పొయ్యి ఎలిగించండమ్మా, నా మాట ఇనండి!"

భ్రమరాంబ గారు గుమ్మంలో నిలబడి ఆ గిన్నెని చూసింది. మెతుకు లేదు. ఆవిడ నవ్వింది. నూకాలు భుజం మీద చెయ్యి వేసి, ఎంతో ప్రేమగా, "నువ్వు కూడానా, నూకాలూ?" అంది.

"ఒట్టండి, నా పిల్లల మీద ఒట్టండి" అని నూకాలు నెత్తి కొట్టుకుంది. ఆవిడ అప్పటికే లోపలికి వెళ్ళిపోయింది.

హోటల్ మళ్ళీ తెరవలేదు. గిన్నెలూ బల్లలూ ఎవరెవరో తీసుకెళ్ళారు. అడుగు తుప్పు పట్టి చిల్లులు పడిన నన్ను నూకాలు తన గుడిసె ముందుకి తెచ్చుకుంది. నాలో ఎండుటాకులు వేసి మంట పెట్టి, పైన నీళ్ళు కాచుకుంటుంది. నిప్పు దగ్గర కూర్చున్నప్పుడల్లా భర్తతో అదే మాట అంటుంది, "ఆ రోజు పప్పు బాగుంది కదా?" అని. "చాలా బాగుంది" అంటాడు అతను. ఆ పప్పు నిజంగానే బాగుంది. అది చెప్పినవాళ్ళందరూ నిజమే చెప్పారు. నమ్మడానికి ఆవిడ దగ్గరే ఏమీ మిగల్లేదు.